సంబరం నుంచి సంభావన దాకా

జానపద సంగీతాన్ని వృత్తిగా చేసుకోవటం గురించి చర్చ వచ్చినప్పుడల్లా రెండు అభిప్రాయాలు ఎదురెదురుగా నిలుస్తాయి. పాట పల్లె సొత్తు గనుక దానికి వెలకట్టటమే దోషమని కొందరు అంటే, పాడేవాడికి పూట గడవనప్పుడు పాట మాత్రం ఎలా నిలుస్తుందని మరికొందరు ప్రశ్నిస్తారు. శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకొని ఉన్న అరసవల్లి నుంచి అటు పలాస, మందస వరకూ, ఇటు విజయనగరం, పార్వతీపురం వరకూ పరుచుకున్న ఉత్తరాంధ్రలో కళాకారుల జీవనాన్ని దగ్గరగా పరిశీలిస్తే, మొదటి అభిప్రాయానికి చరిత్రలో పెద్దగా ఆధారం దొరకదు. ఈ నేల మీద కథాగానానికి ప్రతిఫలం ఎప్పుడూ ఉంది. అది ధాన్యంగా, బట్టగా, భోజనంగా, ఊరివారి మన్ననగా చేతికందేది. నేడు మారినది ఆ ప్రతిఫలం ఇచ్చే చెయ్యి. ఆ చెయ్యి మారినప్పుడు పాట నిడివి, పాట మీద హక్కు, పాడేవాడి మాటకున్న విలువ కూడా మారిపోయాయనీ, అసలు ఆలోచించవలసిన విషయం అదేననీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

జానపద సంగీతమనే ఒక్క పేరు కింద నిజానికి భిన్నమైన ధారలు కలిసి ఉన్నాయి. ఊడ్పుల పాట, దంపుడు పాట, జోలపాట, పెళ్ళిపాట వంటివి పనితోనో వేడుకతోనో పుట్టి దానితోనే ముగిసేవి. వాటిలో పాడేవారు వేరు, వినేవారు వేరు అన్న విభజన ఉండదు. ఇందుకు భిన్నమైనది ఆశ్రిత కులాల గానం. ఒక కులాన్ని ఆశ్రయించి, ఆ కులపు పుట్టుకను, వీరుల చరిత్రను గానం చేసి, అందుకు బదులుగా ఏటా ఆ కుటుంబాల నుంచి నిర్ణీతమైన ధాన్యాన్నో కానుకనో పొందే హక్కు ఉన్న కళాకార కుటుంబాలను జానపద విజ్ఞానంలో ఆశ్రిత కులాలంటారు. ఆ హక్కుకు మిరాశి అని పేరు. ఒక బృందానికి మిరాశి ఉన్న ఊళ్ళలో మరో బృందం కథ చెప్పటానికి వీలుండేది కాదు. అన్నదమ్ములు వేరుపడినప్పుడు పొలంతో పాటు ఈ ఊళ్ళను కూడా పంచుకునేవారు. బిరుదురాజు రామరాజు పరిశోధనగ్రంథం ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’, మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి ‘తెలుగువారి జానపద కళారూపాలు’ తిరగేసినవారికి ఎందరెందరు ఈ విధంగా గానాన్నే జీవనాధారం చేసుకొని బతికారో తెలుస్తుంది. కనుక జానపదుడంటే తీరిక వేళ సరదాగా పాడుకునే మనిషి అనే భావన చదువుకున్నవారి ఊహలోంచి వచ్చినదే.

అయితే ఈ రెండు ధారల నడుమ మూడవది ఒకటి ఉంది. ఉత్తరాంధ్రకు ప్రత్యేకమైన తప్పెటగుళ్ళు దానికి మేలైన ఉదాహరణ. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల్లో యాదవులు తరతరాలుగా ఆడుతూ వచ్చిన ఈ కళలో పదిహేను ఇరవై మంది రంగు బనియన్లు, నిక్కర్లు వేసుకొని, కాళ్ళకు గజ్జెలు కట్టి, గుండ్రని రేకు వాద్యమైన తప్పెటను రొమ్ముకు తగిలించుకొని వలయంగా నిలుస్తారు. బృందానికి నాయకుడైన గురువు పల్లవి అందిస్తే మిగిలినవారు దాన్ని అందుకొని, రెండు చేతులతో తప్పెట వాయిస్తూ, వాయించే దరువుకు తగ్గట్టు అడుగు మారుస్తూ, ఎగురుతూ, కూర్చొని లేస్తూ, ఒకరి భుజాల మీద ఒకరు నిలబడి గోపురం కడుతూ కథ నడిపిస్తారు. సారంగధర చరిత్ర, గజేంద్రమోక్షం, కృష్ణలీలలు, రామాయణ ఘట్టాలు ఈ గానంలో వినిపిస్తాయి. వానలు కురవాలన్న మొక్కుతో ఆడటం కూడా వాడుకలో ఉంది. ఒకే మనిషి ఒకే క్షణంలో గాయకుడు, వాద్యకారుడు, నర్తకుడు కావటం, అదీ ఊపిరి తడబడకుండా గంటల తరబడి సాగటం ఎంతటి సాధన వల్ల వస్తుందో ఒక్కసారి చూసినవారికి వివరించనక్కరలేదు. ఇంతటి సాధన ఉన్న ఆ మనిషి పగటిపూట మంద వెంట నడిచేవాడో, వరిచేలో పని చేసేవాడో అయి ఉంటాడు. బతుకుతెరువును బట్టి చూస్తే అతడు ఔత్సాహికుడు, అంటే ఇష్టం కొద్దీ కళను పట్టుకున్నవాడు. విద్యను బట్టి చూస్తే పూర్తి నిపుణుడు. ఔత్సాహికుడనే మాట రాబడిని మాత్రమే కొలుస్తుంది. ఆ మాటను నైపుణ్యానికి కూడా అంటగట్టటం వల్లనే పల్లె కళాకారుడికి ఇచ్చే సొమ్ము ప్రోత్సాహకమనే చిన్న పేరుతో చెలామణీ అవుతున్నది.

జముకుల కథ కూడా ఈ ప్రాంతపు ఆస్తి. జముకు అనేది చిన్న పాత్రవంటి వాద్యం. దాని ఒక మూతిని చర్మంతో మూసి, ఆ చర్మం నడుమ నుంచి తీగ లాగి, వాద్యాన్ని చంకలో ఇరికించి, తీగను బిగిస్తూ వదులుతూ మీటితే మనిషి గొంతులాగే కిందికీ మీదికీ జారే నాదం పలుకుతుంది. తెలంగాణలో బైండ్లవారు ఎల్లమ్మ కథకు వాయించే జమిడిక దీనికి దగ్గరి చుట్టం. ప్రధాన కథకుడు కథ ఎత్తుకుంటే పక్కన నిలిచిన వంతలు పల్లవి అందుకుంటూ, నడుమ నడుమ హాస్యం కలుపుతూ, వినేవారికి నిద్ర రాకుండా చూస్తారు. ఈ కథలకు వేదిక గ్రామదేవత సంబరం. ఇతర ప్రాంతాలవారు జాతర అనే దాన్ని ఇక్కడివారు సంబరమంటారు. ఊరి పెద్దలు ఇంటింటికీ చందా వేసి, బృందం గురువుకు తాంబూలం ఇచ్చి పిలిచి, బసా భోజనమూ చూసి, కథ ముగిసినాక సంభావన ముట్టజెబుతారు. కథ రక్తికట్టినప్పుడు శ్రోతలు తమ పేరున చదివింపులు వేస్తారు. ఈ చదివింపు వల్ల కథకుడికి ఏ ఘట్టం దగ్గర సొమ్ము రాలిందో, ఏ ఘట్టం దగ్గర శ్రోతలు ఆవులించారో అక్కడికక్కడే తెలిసేది. చెల్లించేవాడు ఎదురుగా కూర్చొని ఉండటం, అతడికి కథ ముందే తెలిసి ఉండటం, తప్పు పాడితే పట్టుకోగలగటం అనే మూడు గుణాలూ ఈ పాత ఏర్పాటులో ఉండేవి. దానిలో కులభేదం ఉంది, ఆకలి కూడా ఉంది. డప్పు కొట్టినవాడికి పంక్తిలో చోటు లేని రోజులవి. ఆ వ్యవస్థను తిరిగి కోరుకోవలసిన పని లేదు. కానీ కళకు కావలసిన సమయాన్ని అది కళకు ఇచ్చింది.

ఇదే ప్రాంతంలో ఒక కథాకళ ఎంత గౌరవంగా వృత్తి కాగలిగిందో హరికథ చరిత్ర చెబుతుంది. బొబ్బిలికి దగ్గరలోని అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు, కాళ్ళకు గజ్జె, చేతిలో చిడతలతో ఒంటరిగా నిలబడి కథ చెప్పే ప్రక్రియకు శాస్త్రీయ సంగీతాన్ని, పాండిత్యాన్ని జోడించి రాజాస్థానాల దాకా తీసుకుపోయాడు. 1919లో విజయనగరంలో పూసపాటి విజయరామ గజపతిరాజు సంగీత కళాశాల నెలకొల్పినప్పుడు దానికి తొలి ప్రధానాచార్యుడు ఆయనే. ఆయన తరువాత ద్వారం వెంకటస్వామినాయుడు ఆ పదవి నిర్వహించాడు. ఆ ఊరిలో సంగీతం నేర్చుకోవటానికి వచ్చిన పేద విద్యార్థి ఘంటసాల ఇంటింటా మధూకరం, అంటే వండిన అన్నం అడిగి తెచ్చుకొని, చదువు పూర్తి చేసుకున్నాడు. శాస్త్రీయ సంగీతానికి ఒక భవనం, జీతమున్న గురువు, విద్యార్థికి అన్నం పెట్టే ఊరు దొరికాయి. ఆ ఊరి చుట్టూ మోగిన జముకుకు, తప్పెటకు ఆ మూడింటిలో ఏదీ దొరకలేదు. రెండు కళల మధ్య తారతమ్యం నాణ్యతలో ఉందని తరువాతి తరాలు నమ్మాయి. తారతమ్యం ఆదరణలో ఉంది.

పాటకు ఊరి బయట శ్రోతను సంపాదించి పెట్టినది మొదట గ్రామఫోను, తరువాత రేడియో. వింజమూరి సోదరీమణులు అనసూయ, సీత పల్లెపాటలను సేకరించి, స్వరపరచి, మద్రాసు రేడియోలోనూ సభల్లోనూ పాడి, జానపదం కచేరీ వేదికకు తగదనే అపోహను తొలగించారు. విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలయ్యాక ఉత్తరాంధ్ర గొంతులకు దగ్గరలోనే ఒక స్టూడియో దొరికింది. స్వరపరీక్షలో నెగ్గినవారికి శ్రేణులు ఇచ్చి, శ్రేణిని బట్టి పారితోషికం చెల్లించే రేడియో పద్ధతి, జానపద గాయకుడిని మొదటిసారిగా కులంతో కాక పేరుతో, మిరాశితో కాక ఒప్పందపత్రంతో పిలిచింది. ఇది చిన్న మార్పు కాదు. అదే సమయంలో రాత్రంతా సాగే కథ నిమిషాల లెక్కకు కుదించుకుపోవటం కూడా అక్కడే మొదలైంది. గడియారం చూసి పాడటం నేర్చిన తొలి తరం రేడియో తరమే.

ఈ పాటను ఊరి పొలిమేర దాటించిన మరో శక్తి రాజకీయోద్యమం. మందస ప్రాంతంలోని బొడ్డపాడులో అర్చకుడుగా ఉంటూ ఉద్యమకవి అయిన సుబ్బారావు పాణిగ్రాహి, శ్రీకాకుళ రైతాంగ పోరాటకాలంలో జముకుల కథ రూపాన్ని ఎన్నుకొని, దేవతల కథలున్న చోట రైతుల కథ పెట్టి ఊరూరా వినిపించాడు. 1969లో పోలీసుల చేతిలో మరణించాడు. పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లిలో 1943లో పుట్టిన వంగపండు ప్రసాదరావు ఆ దారిని ఇంకా ముందుకు నడిపాడు. విశాఖ హిందూస్థాన్ షిప్‌యార్డులో కార్మికుడుగా పనిచేస్తూ, జననాట్యమండలి నిర్మాణంలో భాగస్వామి అయి, ఉత్తరాంధ్ర మాండలికాన్ని ఏ మాత్రం నాగరికం చేయకుండా వందలాది పాటలు కట్టాడు. ఆయన ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ పాట తెలుగునాట తెలియనివారు తక్కువ. 2020 ఆగస్టు 4న ఆయన మరణించినప్పుడు, ఆ పాటను పుట్టుజానపదమే అనుకుంటూ వచ్చిన చాలామందికి దానికి ఒక కర్త ఉన్నాడని మొదటిసారి తెలిసింది. ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గమనించాలి. వంగపండు పాటను ఎంతగా ప్రజలు తమదిగా చేసుకున్నారో అంతగా ఆయన పేరు దాని నుంచి జారిపోయింది. జానపద బాణీలో రాసే కవికి దక్కే అత్యున్నత గౌరవమూ అదే, అతి పెద్ద నష్టమూ అదే. ఆయన చేతిలో ఉద్యోగం ఉండటం వల్ల చాలా కాలం పాటను కూలికి పాడవలసిన అవసరం కలగలేదు. ఛత్తీస్‌గఢ్ పండవానీ గాయని తీజన్ బాయికి భిలాయ్ ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం ఇచ్చి నిలబెట్టినట్లే, ఇక్కడ కూడా పాటను కాపాడినది పాట వల్ల వచ్చిన రాబడి కాదు, నెలజీతం.

ప్రభుత్వం కూడా ఒక పెద్ద పోషకురాలే. 1954లో మొదలైన కేంద్ర గీత నాటక విభాగం మొదలుకొని కుటుంబ నియంత్రణ, అక్షరాస్యత, ఆరోగ్య ప్రచారాల దాకా, ఎన్నో బృందాలకు ఏడాదిలో కొన్ని నెలల పని ఈ దారిలో దొరికింది. బాణీ పాతదే, మాట ప్రభుత్వానిది. దీన్ని తప్పుపట్టటం సులభం. కానీ ఆ కార్యక్రమాలు లేకపోతే ఎన్నో ఊళ్ళలో గజ్జెలు ఎప్పుడో అటకెక్కేవి. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డప్పు కళాకారులకు నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తున్నది. పింఛను వయసు మళ్ళిన కళాకారుడిని ఆదుకుంటుంది. ఇరవై ఏళ్ళ కుర్రవాడు డప్పు పట్టాలా, పట్నానికి కూలిపనికి పోవాలా అని ఆలోచించే వేళ అది అతడికి సమాధానం చెప్పలేదు.

ఆ కుర్రవాడికి కనిపిస్తున్న ఆశ సినిమా, దాని వెనుక యూట్యూబు. 2020 జనవరిలో వచ్చిన ‘అల వైకుంఠపురములో’ చిత్రంలో ‘సిత్తరాల సిరపడు’ అనే పాటను శ్రీకాకుళం యాసలో బీమా సంస్థ ఉద్యోగి విజయ్ కుమార్ భల్లా రాస్తే, ఉత్తరాంధ్ర జానపద గాయకుడు సూరన్న, సాకేత్ కలిసి పాడారు. అదే ఏడాది మార్చిలో కరుణకుమార్ దర్శకత్వంలో విడుదలైన ‘పలాస 1978’లో కథానాయకులే జానపద కళాకారుల కుటుంబంవారు, రఘు కుంచె సంగీతంలో ఆ చిత్రం ఇక్కడి జానపద గేయాన్ని తెలుగు రాష్ట్రాలంతటా మోగించింది. ఒకప్పుడు హాస్యపాత్రలకు మాత్రమే పరిమితం చేసిన యాసను పాటలో గౌరవంగా వినటం ఈ ప్రాంతవాసులకు కలిగించిన ఆనందం గొప్పది, న్యాయమైనది. కానీ సినిమా ఒక గొంతును ఎన్నుకుంటుంది. తప్పెటగుళ్ళకు పదిహేను మంది కావాలి. సినిమా నాలుగు నిమిషాలు అడుగుతుంది. సారంగధర చరిత్రకు ఒక రాత్రి కావాలి. ఒక గాయకుడికి పేరు వచ్చినప్పుడు అతడి వెనుక నిలిచి వంత పాడినవారు బృందం నుంచి విడిపోయి కూలిపనులకు పోవటం ఈ కొత్త ఏర్పాటులో సహజంగా జరిగిపోతుంది. ఒక్కడిని వృత్తి కళాకారుణ్ణి చేసి, కళను మాత్రం ఒంటరిని చేసే పద్ధతి ఇది.

పేరు వచ్చినంత మాత్రాన బతుకు స్థిరపడదని తెలంగాణలో కిన్నెర మొగులయ్య జీవితం రుజువు చేసింది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే ఆయన 2021లో ‘భీమ్లా నాయక్’ చిత్రం కోసం పాడాడు. 2022లో పద్మశ్రీ వచ్చింది. ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. 2024లో ఆయన నిర్మాణపు పనిలో దినకూలీగా కనిపించిన దృశ్యం పత్రికల్లో వచ్చి చూసినవారిని కలచివేసింది. పురస్కారం ఒకసారి వచ్చేది. వృత్తి అంటే నెలనెలా వచ్చేది. ఒక కళాకారుడికి ఏడాదికి ఇన్ని ప్రదర్శనలు అనే భరోసా లేనప్పుడు ఎంత పెద్ద సన్మానమైనా ఆస్పత్రి ఖర్చుకో ఇంటి అప్పుకో కరిగిపోతుంది.

హక్కుల విషయం ఇంకా చిక్కైనది. భారత కాపీహక్కు చట్టం 1957 నాటిది. దాని ప్రకారం పరంపరగా వచ్చిన, కర్త తెలియని పాట ఎవరి సొత్తూ కాదు. కానీ ఆ పాటకు కొత్త అమరిక చేసి ధ్వనిముద్రించిన సంస్థకు ఆ ముద్రణ మీద హక్కు ఉంటుంది. అంటే ఒక ముసలి గాయకురాలు యాభై ఏళ్ళుగా నోట నిలుపుకున్న పాటకు యజమాని లేడు, దాన్ని ఒక పూటలో ముద్రించుకున్నవాడికి యాజమాన్యం ఉంది. 1994 సవరణ ప్రదర్శకుల హక్కును చట్టంలో చేర్చింది. ఇది పాట రాసినవారికి కాక పాడినవారికి, వాయించినవారికి వర్తించే హక్కు, దీనికి యాభై ఏళ్ళ కాలపరిమితి ఉంది. 2012 సవరణ, ప్రదర్శనను వ్యాపారానికి వాడుకున్నప్పుడు అందులో ప్రదర్శకుడికి రాయల్టీ వాటా ఉండాలని చెప్పింది. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా, పల్లె గాయకుడి దగ్గరికి వచ్చేవారు చేతిలో నోట్లు పెట్టి ఫోనులో పాట పట్టుకుపోవటమే మామూలు వ్యవహారం. కాగితం మీద పేరు, ఊరు, బృంద సభ్యుల వివరాలు, వాటా రాయించుకునే అలవాటు రానంతకాలం చట్టం కళాకారుడి గడప దాకా రాదు. ఇక్కడ కళాశాలల్లోని తెలుగు శాఖలవారు, న్యాయవిద్యార్థులు చేయగల సాయం చాలా ఉంది.

అన్నిటికంటే ఎక్కువ ఆందోళన కలిగించేది సమయం కోల్పోవటం. అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయంలో రథసప్తమిని 2025లో రాష్ట్ర పండుగగా జరిపారు. ఇలాంటి ఉత్సవాల్లో కళాబృందాలను ఊరేగింపులో నడిపించటం పరిపాటి. రథం ముందు తప్పెట మోగటం కంటికి పండుగే. ఆ పిలుపు వల్ల బృందానికి నాలుగు రూపాయలు వస్తాయి, కొత్త బట్టలు వస్తాయి. కానీ నడుస్తూ వాయించేటప్పుడు కథ ఉండదు. అడుగు, దరువు మాత్రమే ఉంటాయి. అతిథుల రాకకు అలంకారంగా ఆహ్వానద్వారం దగ్గర నిలబెట్టినప్పుడు ఆ అడుగు కూడా ఉండదు. ఇలా పదేళ్ళు సాగితే బృందంలోని కుర్రవాళ్ళు కథ రాకుండానే కళాకారులవుతారు. గురువు పోయిన రోజున కథ కూడా పోతుంది. కథ పోయాక మిగిలేది వ్యాయామం. నాలుగు నిమిషాల పాట, ఊరేగింపు నడక అక్కరలేదని ఎవరూ అనలేరు, అవి నేటి అన్నం పెడుతున్నాయి. వాటితో పాటు పూర్తి కథకు కూడా కొనుగోలుదారు కావాలి.

అలాంటి కొనుగోలుదారును తయారు చేయవచ్చునని రాజస్థాన్ నిరూపించింది. 1960లో బోరుందా గ్రామంలో కోమల్ కొఠారి, విజయదాన్ దేథా స్థాపించిన రూపాయన్ సంస్థాన్ లంగా, మాంగణియార్ గాయకుల పాటలను ఓపికగా ముద్రించి, విదేశీ వేదికలకు పరిచయం చేసింది. విశేషమేమంటే, ఆ గాయకులు పారిస్ నుంచి తిరిగివచ్చాక కూడా తమ పోషకుల ఇంట పుట్టుకకూ పెళ్ళికీ పాడటం మానలేదు. ఊరి శ్రోత, బయటి శ్రోత ఇద్దరూ ఉన్నప్పుడు కళాకారుడికి ఎవరి దగ్గరా తల వంచవలసిన అవసరం ఉండదు. ఒకరు కథను నిలుపుతారు, మరొకరు కడుపు నింపుతారు. ఉత్తరాంధ్రలో కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి, విజయనగరం పైడితల్లి, శంబర పోలమాంబ సంబరాలు ఇప్పటికీ లక్షలమందిని రప్పిస్తున్నాయి గనుక ఊరి శ్రోత ఇంకా ఉన్నాడు. శ్రీకాకుళంలో బాపూజీ కళామందిరం వంటి వేదికలూ ఉన్నాయి. లేనిదల్లా ఈ రెంటినీ కలిపి, ఏడాదికి సరిపడా పని కూర్చి, లెక్క రాసి, బృందం తరఫున మాట్లాడే మనిషి. కచేరీ విద్వాంసుడికి సభలు, సినిమా గాయకుడికి కార్యక్రమ నిర్వాహకులు ఉన్నట్లు జముకుల కథకుడికి కూడా ఒక ప్రతినిధి ఉంటే, ఔత్సాహికుడు వృత్తి కళాకారుడయ్యే దారి చాలావరకు సుగమం అవుతుంది. ఊరి యువకుల్లో చదువుకొని తిరిగివచ్చినవారు ఈ పనికి పూనుకోవటం ఎంతైనా అవసరం. తాతకు తెలిసిన కథల పట్టిక రాయటంతోనే ఆ పని మొదలుపెట్టవచ్చు.

సంబరం కమిటీ పెద్దలకు కూడా ఒక విన్నపం ఉంది. ఈ ఏడాది బృందాన్ని పిలిచేటప్పుడు బేరం కంటే ముందు కథకు ఎంతసేపు కావాలో గురువునే అడగాలి. ఆ సమయాన్ని, కథ పేరును, బృందంలోని ప్రతి ఒక్కరి పేరును కార్యక్రమ పత్రంలో అచ్చు వేయించాలి. ఒప్పుకున్న సొమ్ములో సగం తాంబూలంతోనే ఇవ్వాలి. ధ్వనిపెట్టె పాటలకు, బాణాసంచాకు పెట్టే ఖర్చులో కొంత ఇటు మళ్ళించగలిగితే, ఒక రాత్రి పూర్తి కథ చెప్పించటం ఏ ఊరికీ శక్తికి మించిన పని కాదు.